ఉడికిన బ్రష్షు

మా అత్త గడ్డం గీసుకునే బ్రష్షులు కడుతుంది. ముప్పై ఒక్క ఏళ్ళుగా అదే పని. మా మామయ్య మాత్రం డబ్బా మూత నొక్కితే బుస్సుమని వచ్చే నురగ పూసుకుంటాడు. ఇదేం న్యాయం మామయ్యా అని ఓసారి అడిగాను.

"మీ అత్త కట్టిన బ్రష్షు ఇంట్లో ఉంటే, నేను దాన్ని సరిగ్గా కడిగానా, సరిగ్గా ఆరబెట్టానా అని రోజూ పరీక్ష పెడుతుందిరా. డబ్బాతో ఆ బాధ లేదు. పరీక్షలంటే ఎలా ఉంటుందో నీకు నేను చెప్పాలా," అన్నాడు.

చెప్పక్కర్లేదు. కాలేజీ మూడో ఏడు మధ్యలో వదిలేసి వచ్చినవాణ్ణి. నాన్న నెల్లాళ్ళు నాతో మాట్లాడలేదు. ఆ తర్వాత మాట్లాడాడు; ఆ నెల్లాళ్ళే నయమనిపించింది. చివరికి నన్ను సంచీతో సహా వాళ్ళక్క ఇంటికి పంపేశాడు. అత్త ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. మర్నాడు పొద్దున్న తన భోజనం డబ్బా పక్కన ఇంకో డబ్బా పెట్టి, "పద," అంది. అలా బ్రష్షుల కార్ఖానాలో జిగురు బల్ల దగ్గర చేరాను.

కార్ఖానా పెద్దదేం కాదు. ఒక పొడుగాటి గది, పైన రేకులు, ఒక్క గోడకే కిటికీలు. కిటికీల కింద కుచ్చు బల్ల. బ్రష్షులో వెంట్రుకల గుత్తిని కుచ్చు అంటారు, చేత్తో పట్టుకునేది పిడి. కుచ్చు బల్ల దగ్గర నలుగురు ఆడవాళ్ళు. గదిలో ఉన్న వెలుతురంతా వాళ్ళదే. అవతలి గోడ పక్కన పిడి బల్ల, దానికో మేస్త్రీ. మధ్యలో మా జిగురు బల్ల. మూలన అట్టపెట్టెలు మడిచే చోటు.

మొదటిరోజు అత్త నా చేతిలో ఒక్క వెంట్రుక పెట్టి, "కుదురేది, కొసేది?" అంది. అది పంది వెంట్రుక. మొహం చిట్లించనక్కర్లేదు, శుభ్రంగా కడిగి ఎండబెట్టే పంపుతారు. కిటికీ దగ్గరికి వెళ్ళి, తేరిపార చూసి, ఒక చివర చూపించాను. తప్పు. అత్త దాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నిలువుగా పట్టి మెల్లగా రుద్దింది. వెంట్రుక పురుగులా ఒకవైపే జరగడం మొదలుపెట్టింది.

"ఎటు రుద్దినా కుదురు వైపుకే నడుస్తుంది. అడిగితే అదే చెప్తుంది కదా, నువ్వు ఊహించడమెందుకు?"

ఆ సాయంత్రం నా తలలోంచి ఓ వెంట్రుక పీకి రుద్ది చూశాను. నడిచింది. కాలేజీలో మూడేళ్ళు ఎవరూ నాకు ఇంత పనికొచ్చే సంగతి చెప్పలేదు.

కుచ్చు కట్టడం చూసేవాళ్ళకి పెద్ద పనిలా కనపడదు. అత్త చిటికెడు వెంట్రుకలు తీస్తుంది. తూచదు, లెక్కపెట్టదు. కొసలు కిందికి వచ్చేలా ఓ చిన్న చెక్క గిన్నెలో నిలబెట్టి, గిన్నెని బల్ల మీద టకటకా కొడుతుంది. గిన్నె అడుగు గుంటగా ఉంటుంది కాబట్టి కొసలన్నీ ఆ గుంటలోకి సర్దుకుంటాయి. పైన కుదుళ్ళ దగ్గర దారం మూడు చుట్లు చుట్టి, ఒక చివర పళ్ళతో పట్టి లాగి ముడేస్తుంది. తిరగేస్తే బల్బులా నున్నగా, గుండ్రంగా లేచిన కుచ్చు. కొసల వైపు కత్తెర తగలకూడదు. కొస తెగిన వెంట్రుక బుగ్గని గీకుతుంది. ఎక్కువైంది కోస్తే కుదుళ్ళ వైపే కొయ్యాలి.

మిగతా ముగ్గురూ కట్టినవి సాయంత్రానికి అత్త ముందుకు వస్తాయి. ఒక్కోటీ అరచేతిలో తిప్పి చూస్తుంది. నచ్చకపోతే "మళ్ళీ" అంటుంది. తిట్టదు, విడమరిచి చెప్పదు, ఆ ఒక్క మాటే. అందుకని కార్ఖానాలో ఆవిడ పేరు మళ్ళీ అక్క. పుట్టినప్పుడు ఒకసారి ఏడ్చి, అది సరిగ్గా రాలేదని ఇంకోసారి ఏడ్చి ఉంటుందని పిడి మేస్త్రీ అంటుంటాడు.

నేను చేరిన నాలుగో నెలలో గుమ్మం ముందు మూడు బస్తాలు దిగాయి. మెషీన్ మీద కట్టిన కుచ్చులు. ఒక్కటి చూస్తే అన్నీ చూసినట్టే, అంత ఒకేలా ఉన్నాయి. టీ వేళకి ఓనరు కుచ్చు బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. ఈ కార్ఖానా పెట్టింది వాళ్ళ నాన్న. ఈయన నిక్కర్లు వేసుకుని ఈ బల్ల కింద ఆడుకున్న రోజులు అత్తకి తెలుసు.

"అక్కా, ఎలా చెప్పాలో తెలియట్లేదు."

"నోటితో కాకపోతే రాసివ్వు బాబూ."

"నెలాఖరుకి ఈ బల్ల తీసేద్దామనుకుంటున్నా. ఎవర్నీ పొమ్మనను. మీ నలుగురికీ పెట్టెల దగ్గర పని ఇస్తా."

నలుగురిలో చిన్నదీ, కళ్ళద్దాలు పెట్టుకునేదీ అయిన పిన్ని ఒకావిడ ఉంది. నోరు ఊరుకోదు. "పెట్టెలు మడవడానికి మళ్ళీ అక్క ఎందుకండీ? ఒక్క పెట్టె కూడా లారీ ఎక్కదు," అంది. ఎవరూ నవ్వలేదు.

అత్త చేతిలోని గిన్నె బల్ల మీద పెట్టింది. "ముప్పై ఒక్క ఏళ్ళు పట్టిందా బాబూ, నేను పెట్టెలు మడవడానికి పనికొస్తానని తెలియడానికి?"

ఓనరు చెడ్డవాడు కాదు. జవాబు లేనప్పుడు మాట మార్చే రకం. శనివారం ఒకాయన వస్తున్నాడని చెప్పాడు. గడ్డం సామాన్ల దుకాణం ఆయనది. ఆయన దగ్గరికి జనం వాళ్ళ నాన్నల బ్రష్షులు, తాతల బ్రష్షులు తెస్తున్నారట. పిడి బాగుంటుంది, వెంట్రుకలు ఊడిపోయి ఉంటాయి. వాటికి కొత్త కుచ్చు వేసిచ్చేవాళ్ళు కావాలట. నమూనాగా ఒకటి చూపించాలి.

"బస్తాలోది ఒకటి తీసి పెడితే సరి," అన్నాడు ఓనరు.

"పాత పిడి దగ్గర నీ బస్తా పప్పులు ఉడకవు," అంది అత్త. "పాత బ్రష్షు నేను తెస్తా. కుచ్చు నేను కడతా. ఆయనకి నచ్చితే బల్ల ఇక్కడే ఉంటుంది."

"నచ్చకపోతే?"

"నచ్చకపోతే సోమవారం పొద్దున్నే పెట్టెలు మడవడం నేర్పించు."

అత్త తెస్తానన్నది మా తాతయ్య బ్రష్షు. ఆవిడ దగ్గరున్న పాత బ్రష్షు అదొక్కటే. నల్లటి కొమ్ము పిడి, వాడివాడి నడుము దగ్గర వేళ్ళ గుర్తులు పడి నునుపెక్కింది. కుచ్చులో నాలుగోవంతు మిగిలింది. మామయ్య దాన్ని బ్రష్షు అనడు, బట్టతల అంటాడు.

తాతయ్య బస్సు డిపోలో టికెట్ల గుమాస్తా. పొద్దున్నే కిటికీ దగ్గర నిలబడి గడ్డం గీసుకునేవాడట. అద్దం పట్టుకోవడం అత్త పని. కూలీ కింద ఒక బుగ్గకి నురగ తను పూసేది. రోజూ ఒకటో రెండో వెంట్రుకలు నురగలో అంటుకునేవి. ఆయన వాటిని గిల్లి తీసి, "దీన్ని కట్టినవాడి చేతులు..." అని, ఎదురుగా పిల్ల ఉందని గుర్తొచ్చి, మిగతాది మింగేసేవాడు. రోజూ అక్కడే ఆగేవాడట.

"ఆ కట్టినవాడు ఏం తప్పు చేశాడో కనుక్కుందామని ఉండేది నాకు," అంది అత్త ఆ రాత్రి భోజనాల దగ్గర. "పనిలో చేరిన మొదటివారమే తెలిసిపోయింది. దారం రెండు చుట్లే చుట్టాడు."

తాతయ్య పోయాక ముగ్గురు పిల్లలూ సామాన్లు పంచుకున్నారు. పెద్దనాన్న గడియారం తీసుకున్నాడు, మా నాన్న పుస్తకాల బీరువా తీసుకున్నాడు. అత్త బ్రష్షు అడిగింది. నీకు గడ్డమేదక్కా అని నాన్న ఎగతాళి చేశాడట. "నువ్వు చదువుతావనా పుస్తకాలు పట్టుకెళ్తున్నావు?" అందట అత్త. ఆ పుస్తకాలు నాన్న ఇప్పటికీ తెరవలేదు. అది నేను చెప్పగలను.

బుధవారం అత్త మిగిలిన వెంట్రుకలు తనే కోసేసి, పిడి నా చేతికిచ్చింది. లోపల పాత కుచ్చు మొదలు, ఎండిపోయిన జిగురు బిగుసుకుని ఉన్నాయి. అదంతా తీస్తేగానీ కొత్తది కూర్చోదు.

"సన్న చాకుతో కొంచెం కొంచెంగా గీకు. రెండు రోజులు పట్టినా పర్లేదు. తొందరపడకు."

రెండు రోజులు ఒకచోట కూర్చుని ఒక గుంటని గీకే మనిషినైతే కాలేజీలోనే ఉండేవాణ్ణి. గంట గీకాను. గోరంత పొడి రాలింది. మా జిగురు బల్ల దగ్గర ఒక పద్ధతి ఉంది. కుచ్చు వంకరగా కూర్చుంటే ఆ బ్రష్షుని మరిగే నీళ్ళలో వేస్తాం. జిగురు కరిగి కుచ్చు ఊడొస్తుంది, పిడి మిగులుతుంది. రోజుకి పది చేస్తాను. అత్త భోజనానికి లేచిన సమయం చూసి, తాతయ్య పిడిని నీళ్ళలో వేశాను. పది నిమిషాలు. పట్టకారుతో పిడి పట్టుకుని, కొక్కెంతో మొదలు లాగాను. చక్కగా ఊడొచ్చింది. రెండు రోజుల పని పది నిమిషాల్లో చేశానని ఒక్క క్షణం సంబరపడ్డాను కూడా.

అప్పుడు చూశాను. కుచ్చు కూర్చునే పిడి నోరు, గుండ్రంగా ఉండాల్సింది, చేప నోరులా సాగిపోయి ఉంది.

మేస్త్రీకి చూపించాను. ఆయన దాన్ని వెలుతురులో తిప్పి నిట్టూర్చాడు. "ఇది కొమ్మురా నాయనా. మన చెక్క పిడి కాదు. వేడికి మెత్తబడుతుంది. నువ్వు పట్టకారుతో నొక్కావు, నొక్కినట్టే చల్లారింది."

"ఇంకోసారి వేడిచేసి గుండ్రంగా చెయ్యలేమా?"

"చెయ్యొచ్చు. ఇదిగో, ఇక్కడ బీట చూశావా? ఈసారి వేడి తగిలితే రెండు ముక్కలు."

దాచిపెడదామా అనిపించింది. ఎంతసేపు దాస్తాను? అత్త డబ్బా కడిగి వస్తుంటే ఎదురెళ్ళాను. "అత్తా, తాతయ్య బ్రష్షు ఉడకబెట్టేశాను."

ఆవిడ పిడి తీసుకుని చిటికెనవేలు దాని నోట్లో పెట్టి చుట్టూ తిప్పింది. చాలాసేపు తిప్పింది. అరుస్తుందని చూశాను. అరిస్తే బాగుండేది.

"ఎంతసేపు?"

"పది నిమిషాలు."

"ఉప్పేశావా?"

కళ్ళద్దాల పిన్ని ఫక్కున నవ్వి నోరు మూసుకుంది. అత్త నవ్వలేదు. పిడి బల్ల మీద పెట్టి, కుళాయి దగ్గరికి వెళ్ళి చేతులు కడుక్కుంది. అప్పుడే కడుక్కున్న చేతులు. అటు తిరిగి కడుగుతూనే ఉంది. నేను జిగురు బల్ల దగ్గరికి వెళ్ళి నేలకేసి చూస్తూ కూర్చున్నాను.

సాయంత్రం ఓనరు వచ్చి, బస్తాలోంచి ఒక కుచ్చు తెచ్చి ఆ పిడి నోట్లో పెట్టి చూశాడు. రెండు పక్కల ఒరుసుకుంది, రెండు పక్కల వేలు దూరేంత సందు. "ఇంకో పిడి ఎక్కడైనా దొరుకుతుందేమో చూడమంటారా అక్కా?"

"వద్దు," అంది అత్త. "ఇది ఇలా ఉంది కాబట్టి కుచ్చే ఇలా కట్టాలి."

గురువారమంతా నేను చాకుతో గీకాను. పిడి నోట్లో అంటుకున్న జిగురు ఇంకా మిగిలే ఉంది. తర్వాత సన్నటి ఇసుక కాగితంతో పైన ఉడికి తెల్లబడిన చోట రుద్దాను, నూనె గుడ్డతో తుడిచాను, మళ్ళీ రుద్దాను. నల్లటి నిగ్గు మెల్లగా తిరిగొచ్చింది. బీటలోకి మేస్త్రీ సూదిమొనతో జిగురు ఎక్కించి, ఆరేదాకా దారంతో బిగించి కట్టాడు. ఆ రోజు నన్ను ఎవరూ పలకరించలేదు. నాకూ అదే బాగుంది.

అత్త మొదటి కుచ్చు మామూలుగా గుండ్రంగా కట్టి, వేళ్ళతో నొక్కి కోలగా చేసింది. తిరగేస్తే మధ్యలో నిలువునా చీలిపోయింది.

"అక్కా, బ్రష్షుకి పాపిడి తీశావేంటి?" అంది కళ్ళద్దాల పిన్ని.

అత్త దాన్ని చూసి, "మళ్ళీ," అంది. ఆ మాట ఆవిడ తన పనిని చూసి అనడం అక్కడ ఎవరూ ఎన్నడూ వినలేదు. 

రెండోదీ చీలింది. మూడోది చీలలేదు గానీ ఒక పక్కకి వాలిపోయింది. శుక్రవారం మధ్యాహ్నం అత్త భోజనం డబ్బా మూత తీసి, ముద్ద కలిపి, తినకుండా చెక్క గిన్నెవైపు చూస్తూ కూర్చుంది. "తప్పు కట్టడంలో లేదు," అంది చివరికి, ఎవరితోనూ కాదు. "గిన్నె గుండ్రంగా ఉంది. కొసలు గుండ్రంగా సర్దుకున్నాక కుదుళ్ళని కోలగా నొక్కితే చీలక ఏమవుతుంది?" నావైపు తిరిగింది. రెండు రోజుల తర్వాత మొదటిసారి. "పోయి ఒక కొవ్వొత్తి పట్రా."

పరుగెత్తాను. ఆవిడ మైనం కరిగించి గిన్నెలో పోసింది. సగం గడ్డకట్టేదాకా ఆగి, బొటనవేలు అందులోకి నొక్కి తీసింది. లోపల కోలగా, నున్నగా, వేలి ఆకారంలో గుంట. వెంట్రుకలు అందులో నిలబెట్టి మెల్లగా కొట్టింది. ఈసారి దారం వెంటనే చుట్టలేదు. ముందు సూదితో కుదుళ్ళ మధ్యనించి అటూ ఇటూ నాలుగుసార్లు దూర్చి, గుత్తిని కోలగానే పట్టి ఉంచి, ఆ తర్వాత చుట్లు వేసింది. నేను లెక్కపెట్టాను. నాలుగు చుట్లు.

తిరగేసింది. చీలలేదు, వాలలేదు.

"జిగురు నువ్వు పెట్టు," అంది.

"నేనా?"

"జిగురు బల్ల నీదేగా. నేను పెడితే నీకు నామోషీ, తీరిక కూడా."

జిగురు పూశాను. కుచ్చు పిడి నోట్లోకి దిగింది. ఎక్కడా సందు లేదు. వెంట్రుకలు కిందికి ఉండేలా మేకుకి వేలాడదీసి ఇంటికి వెళ్ళాం.

శనివారం పొద్దున్న దుకాణం ఆయన వచ్చేముందు ఓనరు మమ్మల్ని చుట్టూ నిలబెట్టి చెప్పాడు: "ఆ వంకర గురించి ఆయన అడిగితే, పాతకాలం పిడులు అలాగే ఉండేవని చెప్దాం. ఎవరూ వేరేమీ మాట్లాడొద్దు." ఈ చివరి మాట అంటూ నావైపే చూశాడు.

దుకాణం ఆయన సన్నగా, నున్నటి గడ్డంతో ఉన్నాడు. కూర్చోగానే బ్రష్షు అడిగాడు. కుచ్చులో చిన్న చిన్న పోగులు పట్టి పదిసార్లు లాగాడు. రెండు వెంట్రుకలు వచ్చాయి. కొత్త బ్రష్షుకి రెండు రావడం తప్పు కాదు. సంచీలోంచి సబ్బు డబ్బా తీశాడు, నీళ్ళడిగాడు. పొద్దున్నే గీసుకున్న బుగ్గ మీదే సగం మొహం తెల్లబడేదాకా నురగ పూసుకున్నాడు. అత్త ఆయన బుగ్గనే చూస్తోంది. వెంట్రుక అంటుకుంటుందేమోనని.

అంటుకోలేదు. ఆయన బ్రష్షు కడిగి, విదిలించి, కుచ్చు మొదలు దగ్గర వేలు పెట్టి తడిమాడు.

"ఈ నోరు ఎందుకిలా ఉంది? మొదట్నించీ ఇంతేనా?"

ఓనరు గొంతు సవరించుకున్నాడు. ఆయన చెప్పబోయే మాట నిలిస్తే ఆ పిడి ఎప్పుడూ వంకరదే అవుతుంది. తాతయ్య బతికినన్నాళ్ళూ వంకర బ్రష్షుతో గీసుకున్నట్టు అవుతుంది.

"నేను ఉడకబెట్టాను," అన్నాను.

"ఏంటీ?"

"పాత జిగురు ఊడదీయడానికి మరిగే నీళ్ళలో వేశాను. అది కొమ్ము అని చూసుకోలేదు. పట్టకారుతో నొక్కేశాను. అంతకుముందు గుండ్రంగానే ఉండేది. అది మా తాతయ్యది, అత్త దాచుకున్నది."

ఓనరు కళ్ళు మూసుకున్నాడు. దుకాణం ఆయన ఒక బుగ్గ నిండా నురగతో నన్ను ఎగాదిగా చూశాడు. తర్వాత సంచీలోంచి ఓ కాగితం పొట్లం తీసి బల్ల మీద విప్పాడు. ఏడు పిడులు. ఒక దాని నోరు కోడిగుడ్డులా ఉంది. ఒక దాని అంచు కరిగి వాలింది. ఒక్కటీ గుండ్రంగా లేదు.

"నువ్వు పది నిమిషాల్లో చేసింది వీటికి నలభై ఏళ్ళలో జరిగింది. రోజూ వేడినీళ్ళ మగ్గులో ముంచుతారు కదా," అన్నాడు. "రెండు చోట్లకి పంపాను. గుండ్రటి కుచ్చు తోసి, సందుల్లో జిగురు నింపి ఇచ్చారు. నెల తిరక్కుండా ఊడి చేతికొచ్చాయి. ఇలా నోటికి తగ్గట్టు కట్టింది ఎవరు?"

అందరం అత్తవైపు చూశాం.

"అందులో ఇంకా తప్పుంది," అంది అత్త. "ఎడమ పక్క పల్చనైంది."

"నాకేం కనపడలేదే."

"మీకు కనపడదు."

దుకాణం ఆయన నవ్వాడు. ఈ నెలకి ఈ ఏడు పిడులూ, బాగుంటే వచ్చే నెల నుంచి నెలకి ముప్పై అన్నాడు. నమూనా బ్రష్షు తన దుకాణంలో అద్దాల బీరువాలో పెట్టుకుంటానని అడిగాడు. అత్త తల అడ్డంగా ఊపింది. "అది మా నాన్నది. మీకు ఇంకోటి కడతాను, ఎడమ పక్క సరిచేసి." ఆయన పట్టుపట్టలేదు. నురగ తుడుచుకోకుండానే గుమ్మందాకా వెళ్ళి, పిన్ని నవ్వితే వెనక్కొచ్చి తువ్వాలు అడిగాడు.

ఆయన వెళ్ళాక ఓనరు కుచ్చు బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాడు. "బస్తాలైతే వెనక్కి పంపలేనక్కా. కొత్త బ్రష్షులకి అవే."

"నేను అడగలేదుగా."

"ఈ బల్ల ఉంటుంది. ముప్పైకి నలుగురు ఎక్కువవుతారేమో. మీరూ పిన్నీ పూర్తిగా ఇక్కడే. మిగతా ఇద్దరూ పూట ఇక్కడ, పూట పెట్టెల దగ్గర. పని పెరిగితే చూద్దాం."

అత్త ఆ ఇద్దరివైపు చూసింది. వాళ్ళు సరేనన్నట్టు తల ఊపారు. కిటికీ పక్క చోటు పోలేదు, అది చాలు వాళ్ళకి ప్రస్తుతానికి. "పొద్దుటి పూట ఇక్కడ," అంది అత్త. "వెలుతురు అప్పుడే బాగుంటుంది." ఓనరు ఒప్పుకున్నాడు.

సోమవారం ఏడు పిడులూ వరసగా పెట్టి, ఒక్కో నోట్లో చిటికెనవేలు తిప్పి చూసింది. ఏడు గిన్నెల్లో మైనం పోసింది. నాలుగింటికి తన బొటనవేలు సరిపోయింది. ఒక దానికి పిన్నిది, ఇంకోదానికి నాది. కోడిగుడ్డు నోరు దానికి మా ఎవ్వరి వేలూ చాలలేదు. అత్త గది అవతలికి కేకేసింది.

"మేస్త్రీ, ఆ బొటనవేలు కడుక్కుని ఇలా పట్రా."

"ఏ చేతిది అక్కా?"

"లావుగా ఉన్నది."

మేస్త్రీ చేయి తుడుచుకుంటూ వచ్చి, గిన్నెలో వేలు పెట్టి, కాలుతోందని మూతి ముడిచాడు. అత్త ఆయన మణికట్టు రెండు చేతులతో పట్టుకుని, మైనం గట్టిపడేదాకా కదలనివ్వలేదు.